వెల్లకిలా ఆరేసిన ముఖాలు

బాబూరావు సారు వంటింట్లో ఒక మూల సన్నికల్లు ఉంది. దాని కింద పాత పేపరు మడతలు, ఆ మడతల మధ్య నాంచారమ్మక్క ఆరబెట్టిన స్టాంపులు ఉన్నాయి. మామూలుగా అయితే ఒకటి రెండు రోజులకి రాయి పక్కకి పెట్టి స్టాంపులు బయటికి తియ్యాలి. ఇవి మాత్రం ఏడాది కావస్తున్నా అక్కడే ఉన్నాయి. అక్క పోయాక సారు ఆ రాయిని తియ్యలేదు, ఇంకొకరిని తియ్యనివ్వలేదు. తీస్తే అక్క చేసిన ఆఖరి పని కూడా అయిపోతుంది. ఈ మాట ఆయన నోటితో అనలేదు. ఎదురెదురు గుమ్మాల్లో ఇన్నేళ్ళు ఉన్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలియదా?

నా పేరు స్వర్ణలత. మౌలాలిలో మాది రెండో అంతస్తు. మా బాల్కనీలోంచి గుట్ట కనిపిస్తుంది, వాళ్ళ బాల్కనీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. కూరగాయల బండి దగ్గరికి వెళ్ళినా కయ్యం పెట్టుకుని వచ్చే రకం అని మా ఆయన నన్ను అంటుంటాడు. అననీ. నాకు మెత్తగా మాట్లాడటం రాదు. నాంచారమ్మక్కకి గట్టిగా మాట్లాడటం రాదు. అందుకే మా ఇద్దరికీ కుదిరింది.

వాళ్ళది తెనాలి వైపు. సారుకి రైల్వే స్టోర్సులో గుమాస్తా పని దొరికి ఇటొచ్చారు, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో ముఖాలకి మాత్రం కొదవ లేదు. ఇంగ్లండు రాణి ఉండేది. రష్యా వ్యోమగాములు ఉండేవాళ్ళు. కొప్పుల నిండా దువ్వెనలు పెట్టుకున్న జపాను ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. అందరూ స్టాంపుల మీదే.

సారు పోగుచేసేది ముఖాలే. ఒక్కో దేశానికి ఒక్కో ఆల్బమ్ పెట్టుకునేవాళ్ళంటే ఆయనకి కాస్త చిన్నచూపు.

“దేశాలదేముందమ్మా, గీతలు మారుతుంటాయి,” అనేవారు నాతో. “ముఖం చూడు. ఆ ఏడు ఆ జనానికి ఎవరంటే భయమో, ఎవరంటే భక్తో చెప్పేస్తుంది.”

నేను చదివింది ఇంటరు. చరిత్ర పుస్తకంలో నాకు గుర్తున్నవి మీసాలు గీసిన బొమ్మలే. ఆ మీసాలు గీసింది కూడా నేనే. తర్వాత తెలుసుకున్నదంతా వాళ్ళ వంటింటి గడప మీద కూర్చుని తెలుసుకున్నాను. ఇంగ్లండు వాళ్ళు స్టాంపు మీద దేశం పేరే వెయ్యరట, రాణి తల ఉంటే చాలట. “గంత పొగరా?” అన్నాను. “స్టాంపు మొదలుపెట్టిందే వాళ్ళు కదా. పెద్ద కామందు గుమ్మానికి పేరు రాసుకుంటాడా?” అన్నారు సారు. మా నిజాం స్టాంపుల మీద మాత్రం ఆయన దగ్గరున్న వాటిలో ఎక్కడా నవాబు ముఖం లేదు. చార్మినారు ఉంది, అజంతా గుహల గుమ్మం ఉంది. “ఈ ఒక్క విషయంలో మీ నవాబు బుద్ధిమంతుడు,” అని నన్ను ఏడిపించేవారు. నేనూ ఊరుకునేదాన్ని కాదనుకోండి.

అజ్మాన్ అని ఎడారిలో ఒక చిన్న రాజ్యం. ఐరోపా వాళ్ళ గొప్ప గొప్ప చిత్రాలన్నీ స్టాంపులుగా అచ్చేయించి ప్రపంచమంతా అమ్ముకుంది. ఆ ఊళ్ళో ఉత్తరాలు రాసేవాళ్ళకంటే స్టాంపులే ఎక్కువ అని సారు నవ్వేవారు. ఆ పుణ్యమా అని నేనూ ఆ చిత్రాలు చూశాను. నాంచారమ్మక్క స్టీలు తాంబాళంలో, గోరువెచ్చటి నీళ్ళలో తేలుతుంటే చూశాను.

కవరు ముక్కల మీంచి స్టాంపు ఊడదీసే పని అక్కది. సారువి మొద్దు వేళ్ళు, ఆయన ముట్టుకుంటే అంచుల పళ్ళు రాలిపోయేవి. అక్క తాంబాళంలో నీళ్ళు పోసి, రంగు దిగే రకమైతే చిటికెడు ఉప్పు వేసి, ముక్కలు వదిలేది. కాసేపటికి జిగురు కరిగి స్టాంపు దానంతట అదే జారి వస్తుంది. లాగకూడదు. వీపున మిగిలిన బంకని వేలితో మెల్లగా రాసి కడగాలి. ఆ తర్వాత పాత పేపరు మీద బోర్లా పరవాలి. బొమ్మ కిందికి, వీపు పైకి. కాస్త ఆరాక పేపరు మడతల్లో పెట్టి బరువు పెట్టాలి. వీపున ఏ కొంచెం బంక మిగిలినా పేపరుకి అంటుకోకుండా ఉండాలంటే ఇదే పద్ధతి. స్టాంపులు పోగేసేవాళ్ళంతా ఇలాగే చేస్తారట.

నాంచారమ్మక్క చెయ్యదు.

పక్షులు, పూలు, విమానాలు, వంతెనలు అయితే బుద్ధిగా బోర్లా వేసేది. మనిషి ముఖం ఉందంటే మాత్రం వెల్లకిలా. చెప్పీ చెప్పీ సారు గొంతు అరిగిపోయింది.

“ఆ ఒక్కటీ నా చేత చేయించకండి,” అనేది అక్క. “చెప్పు బోర్లా పడితేనే ఇంట్లో పోట్లాట అంటారు. మనిషి ముఖం బోర్లా పడేస్తే ఊరికే పోతుందా?”

“కాగితమే నాంచారూ అది.”

“ముఖమేగా అండీ.”

ఫలితం ఏమిటంటే, ఆ ఇంట్లో ప్రపంచంలోని మహామహులందరి వీపులకీ తెలుగు పేపరు ముక్కలు అంటుకుని ఉండేవి. రాణిగారి వీపున వధువు కావలెను అన్న ప్రకటన సగం. ఎవరో గడ్డం కవి వీపున ఉల్లిగడ్డల ధర. సారు విసుక్కుని మళ్ళీ నీళ్ళలో వెయ్యమనేవారు. అక్క కిమ్మనకుండా మళ్ళీ వేసేది. మళ్ళీ కడిగేది. మళ్ళీ వెల్లకిలా ఆరేసేది. మెత్తగా ఉండేవాళ్ళ మొండితనం ముందు నాలాంటి నోరున్నవాళ్ళు ఎందుకూ పనికిరారు.

ఒక్క మినహాయింపు ఉండేది. అజ్మాన్ స్టాంపుల్లో ఒకావిడ ఒంటి మీద నూలుపోగు లేకుండా పరుపు మీద వాలి ఉంటుంది. గొప్ప చిత్రమట. అక్క ఆవిడని నీళ్ళలోంచి తీసి, చటుక్కున బోర్లా వేసేసింది. “ఈ తల్లికి ఇదే మర్యాద,” అంది. ఆ రోజు మేం ముగ్గురం కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాం.

ఇంకోసారి రుమేనియా స్టాంపు మీద కుక్క. జంతువు కదా అని బోర్లా వెయ్యబోతూ, ఈ కుక్కకి స్టాంపు ఎందుకండీ అని అడిగింది. మనిషి కంటే ముందు రష్యావాళ్ళు దాన్ని రాకెట్లో ఆకాశంలోకి పంపారని సారు చెప్పారు.

“మళ్ళీ దిగిందా?”

“దిగే ఏర్పాటు లేదు. పైనే చచ్చిపోయింది.”

అక్క కాసేపు ఆ కుక్కని అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత వెల్లకిలా ఆరేసింది.

ఆ సన్నికల్లు అక్క పెళ్ళిలో తొక్కినది. కాపురానికి వస్తూ వెంట తెచ్చుకుంది. మిక్సీ వచ్చాక దానికి ఉద్యోగం పోయింది, స్టాంపులు వచ్చి మళ్ళీ ఉద్యోగమిచ్చాయి. పేపరు మడతల మీద దాన్ని పెట్టేటప్పుడు అక్క చంటిపిల్లకి దుప్పటి కప్పినంత నెమ్మదిగా పెట్టేది.

సారుకి స్టాంపుల స్నేహితులున్నారు. తిరుమలగిరిలో రాజేందర్ గారని కాంట్రాక్టు పనులు చేసే ఆయన ఉన్నారు. నెలకో ఆదివారం ఆయన ఇంటి మేడ మీద అందరూ కలుస్తారు, తమ దగ్గర రెండేసి ఉన్నవి మార్చుకుంటారు. మార్చుకునేటప్పుడు చిమటాతో, అంటే చిన్న పట్టకారుతో, స్టాంపుని తిప్పి వీపు చూడటం వాళ్ళ రివాజు. సారు స్టాంపులు తిప్పినప్పుడల్లా నవ్వులే. “బాబూరావు సాబ్ స్టాంపులకు తెలుగు సదువొస్తది,” అనేవారు రాజేందర్ గారు. మొదట్లో సారు కూడా నవ్వేవారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ నవ్వు పలచబడింది.

అక్క పోవడానికి ముందురోజు ఆదివారం. ఆ రోజు మేడ మీదికి కొత్తగా వచ్చిన ఎవరో పెద్దమనిషి సారు తెచ్చిన పొట్లాన్ని తిరగేసి చూసి, వేలితో వెనక్కి నెట్టి, “వీపులు చెడినయి, నాకొద్దు” అన్నాడట. పదిమందిలో. సారు ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టారు. వాళ్ళ తలుపు తీసే ఉంది, మాదీ తీసే ఉంది. నాకు ప్రతి ముక్కా వినిపించింది.

“చెప్పీ చెప్పీ జీవితం అయిపోయింది. నీ చాదస్తానికి నా ఆల్బమ్ అంతా చెడి కూర్చుంది. కాగితానికీ మనిషికీ తేడా తెలియనిదాని చేత ఈ పని చేయించడం నాదే బుద్ధి తక్కువ.”

సారు సంచీలోంచి ఇంకో పొట్లం తీశారు. ఈజిప్టు కవరు ముక్కలు. అందులో ఆయన ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న రాజు ఉన్నాడు. అక్కడి రాజుని దించేశాక, కొత్త స్టాంపులు అచ్చయ్యేదాకా ఆగలేక, పాత స్టాంపుల మీదే రాజు ముఖానికి అడ్డంగా మూడు నల్ల గీతలు కొట్టి వాడుకున్నారట. ముఖాల ఆల్బమ్‌లో ఆ ఒక్క ముఖం కోసమే ఒక పేజీలో చోటు వదిలిపెట్టి ఉంచారు సారు.

“ఇది కూడా పాడు చేశావంటే ఇక నా స్టాంపులు ముట్టుకోకు,” అన్నారు.

కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. తాంబాళం గట్టు మీద పెట్టిన చప్పుడు వినిపించింది. నాకు వెళ్ళి నాలుగు దులపాలనిపించింది. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని మా ఆయన ఆపాడు.

మర్నాడు పొద్దున్న సారు కేక విని పరిగెత్తాను. పొయ్యి మీద పాలు పొంగి కారుతున్నాయి. అక్క వంటింట్లో నేల మీద బోర్లా పడి ఉంది. ఇద్దరం పట్టి వెల్లకిలా తిప్పాం. అప్పటికే అయిపోయింది. గుండె అన్నారు.

సన్నికల్లు ఆ మూలనే ఉంది, దాని కింద పేపరు మడతలు ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు పెట్టి ఉంటుంది.

వచ్చినవాళ్ళంతా ఒకటే మాట. పుణ్యస్త్రీ, పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు. నాకు ఒళ్ళు మండింది. ఏం అదృష్టం? పాలు కూడా దించుకోకుండా పోవడమా? ఇద్దరు ముగ్గురిని మొహం మీదే అడిగేశాను. మా ఆయన నన్ను పక్కకి తీసుకుపోయాడు.

సారు ఏడవలేదు. ఆ రోజు ఏడవలేదు, దినాల్లో ఏడవలేదు, తర్వాతా ఏడవలేదు. కూర్చోమంటే కూర్చున్నారు, స్నానం చెయ్యమంటే చేశారు. అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక సోఫాలో ఒక చివర కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. పేపరు తెప్పిస్తారు, మొదటి పేజీ దాటరు. టీ పెట్టుకుంటారు, మీగడ కట్టేదాకా చూస్తారు, పారబోస్తారు. కింద నుంచి రైలు వెళ్తే ఇదివరకు అది ఏ బండో చెప్పేవారు. ఇప్పుడు తల కూడా తిప్పరు.

నేను రెండు పూటలా ఏదో ఒకటి తీసుకెళ్తాను.

“ఏం సారూ, తిన్నరా?”

“ఆఁ.”

“ఏం తిన్నరు?”

ఆయన ఆలోచిస్తారు. గుర్తుండదు.

“గిట్ల ఊకె కూసుంటె ఎట్ల సారూ? జెర బయటికి పోయి రాండ్రి.”

“సరే.”

సరే అంటారు, లేవరు. ఎదురు చెప్పేవాళ్ళతో నేను పోట్లాడగలను. సరే అనేవాళ్ళతో ఏం చెయ్యను?

ఒకరోజు నేను గట్టిగానే అడిగాను, ఒక్కసారి ఏడ్చెయ్యరాదా అని. ఆయన నన్ను తప్పుగా అనుకోలేదు.

“నాకేమీ అనిపించడం లేదు స్వర్ణా,” అన్నారు. “కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలీదు చూడు, అలా ఉంది. నేనే గిల్లి చూసుకుంటున్నాను.”

నాకు భయమేసింది. ఇంటికొచ్చి నేనే ఏడ్చాను.

కొన్ని నెలల తర్వాత ఆల్బమ్ తెరిచారు. హమ్మయ్య అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఆయన ముఖాలు చూడటం లేదు. చిమటాతో ఒక్కో స్టాంపునీ తిప్పి వీపులు చూస్తున్నారు. భూతద్దం పెట్టి, ఆ అంటుకున్న పేపరు ముక్కల మీది అక్షరాలు చదువుతున్నారు.

“చూడు,” అన్నారు నాకు ఒకటి చూపించి. “నీటి ట్యాంకర్ల కోసం, అని ఉంది. మన బోరు ఎండిపోయిన ఎండాకాలం ఇది. అప్పుడు కూడా గిన్నెడు నీళ్ళు దాచి స్టాంపులు నానబెట్టింది.”

రాణి వీపు తిప్పారు. పెళ్ళి ప్రకటన.

“ఇది మీ ఆడపడుచు పెళ్ళి కుదిరిన నెల. సంబంధాల పేజీలన్నీ మీ ఇంటి నుంచే వచ్చేవి.”

పదిమందిలో ఆయన తల దించుకునేలా చేసిన వీపులే అవి. ఇప్పుడు రోజూ పొద్దున్న కాసేపు వాటినే చదువుకుంటారు. చదివేటప్పుడు కూడా ముఖంలో ఏ మార్పూ ఉండదు. కరెంటు మీటరు రీడింగు చూసినట్టు చూస్తారు. అయినా అది ఒక్కటే ఆయన తనంతట తాను చేస్తున్న పని, కాబట్టి నేను ఏమీ అనలేదు.

రాయి జోలికి మాత్రం పోలేదు. ఒకసారి నేను ఆ మూల ఊడుస్తూ చీపురు రాయికి తగిలించాను. సోఫాలోంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కోప్పడలేదు. నేను చీపురు పక్కన పెట్టేదాకా అలాగే నిలబడ్డారు.

వానాకాలం పోయాక రాజేందర్ గారు వచ్చారు. స్టాంపుల ప్రదర్శన పెడుతున్నారట, సారు ముఖాలు అందులో ఉండాల్సిందే అన్నారు. ఆల్బమ్ తిరగేస్తూ ఖాళీ చోటున్న పేజీ దగ్గర ఆగారు.

“ఈజిప్టు రాజు ఏడి సాబ్? దొరికిండన్నరు కద?”

“రాయి కింద ఉన్నాడు.”

“అయితె తీయుండ్రి మరి.”

“ఉండనీ.”

రాజేందర్ గారు నా వైపు చూశారు. నేను గుమ్మం బయటికి రమ్మని సైగ చేసి మెట్ల దగ్గర సంగతంతా చెప్పాను. పాపం, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నేను సుత ఆ స్టాంపుల మీద శానా నవ్విన,” అన్నారు. పేజీ ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, అట్లనే పెడదాం అని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం సారు నాతో అన్నారు. ఏడాదిలో అదే ఆయన మాట్లాడిన పెద్ద మాట.

“ఆ రాయి కింద అందరూ వెల్లకిలా పడుకుని ఉంటారమ్మా, తను పెట్టినట్టే. ఇన్నాళ్ళు నొక్కితే పేపరు ఎంత గట్టిగా అంటుకుపోయి ఉంటుందో. అంటుకోనీ. ఆ రాజు వీపున ఆ వారం వార్తలు ఉంటాయి, అదే ఆఖరి పేపరు. అది చదివేస్తే ఇక చదవడానికి ఏమీ ఉండదు.”

అదీ సంగతి. నేను ఇక ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

సంవత్సరీకానికి అక్క చెల్లెలు లీలాకుమారి తెనాలి నుంచి వచ్చింది. అక్క ఎంత నెమ్మదో ఈవిడ అంత గట్టి పిండం. వచ్చీ రాగానే ఇల్లు కడిగించింది, గుడ్డలు ఉతికించింది, నా చేత సామాన్ల చీటీ రాయించింది. తద్దినం రోజు తెల్లవారగానే కొంగు బిగించి వంటింట్లోకి దిగింది. మూల చూసింది.

“బావగారూ, ఆ రాయి కావాలి.”

“మిక్సీ ఉంది లీలా,” అన్నారు సారు సోఫాలోంచి.

“తద్దినం వంటకి మిక్సీలో అల్లం తిప్పుతారా ఎక్కడైనా? మా ఇంట్లో ఎన్నడూ లేదు. రాతి మీద నూరాల్సిందే.”

“మా ఇంట్ల రోలుంది, తెస్త,” అన్నాను నేను.

“పక్కింటి రోలెందుకమ్మా? ఇది అక్క పెళ్ళిలో తొక్కిన రాయి. ఆవిడ పేరున పెట్టే ముద్దకి ఆవిడ రాయి ఉండగా ఇంకోటి ఎందుకు?”

సారు లేచి వచ్చారు. నేను చీపురు తగిలించినప్పటిలాగే గుమ్మంలో నిలబడ్డారు. లీలాకుమారికి రాయి సంగతి తెలియదు. చెబుదామని నేను నోరు తెరిచాను. సారు చెయ్యి అడ్డం పెట్టారు.

“దాని కింద మీ అక్క ఆరేసిన స్టాంపులున్నాయి,” అన్నారు ఆయనే. “అలాగే ఉంచాను.”

లీలాకుమారి గొంతు తగ్గించి అంది. “స్టాంపులు ఎక్కడికీ పోవు బావగారూ. అక్క ఇవాళ వస్తుందనే కదా ఇదంతా. వచ్చినదాన్ని ఆకలితో పంపుతామా?”

పొయ్యి మీద ఎసరు కాగుతోంది. “సరే,” అన్నారు సారు. ఏడాదిగా నేను వింటున్న సరేలాగే ఉంది. కానీ ఈసారి కదిలారు.

నేను సాయం పడతానంటే వద్దన్నారు. మూల దగ్గర కూర్చుని, రెండు చేతులతో రాయిని ఎత్తి, అక్క పెట్టినంత నెమ్మదిగా పక్కన పెట్టారు. లీలాకుమారి దాన్ని తీసుకుని కడగడానికి వెళ్ళింది. పేపరు మడత రాయి ఆకారంలో నొక్కుకుపోయి ఉంది. సారు దాన్ని ఎత్తుకుని హాల్లోకి వచ్చి బల్ల మీద పెట్టుకున్నారు. భూతద్దం తెచ్చుకున్నారు, చిమటా తెచ్చుకున్నారు. పొద్దున్న వీపులు చదువుకోవడానికి కూర్చున్నట్టే కూర్చున్నారు. చిరగకుండా చూసుకోవాలని పై మడతని చాలా మెల్లగా, అంచు నుంచి లేపారు.

అది హాయిగా లేచి వచ్చేసింది. ఎక్కడా పట్టుకోలేదు.

లోపల వరసగా తెల్లటి వీపులు. అన్నీ శుభ్రంగా, ఒక్క అక్షరం ముక్క లేకుండా, కడిగిన కంచాల్లాగా ఉన్నాయి. అన్నీ బోర్లా ఉన్నాయి.

సారు చిమటాతో ఒకటి తిప్పారు. ఎవరో పాత రాజు, కుచ్చు వేలాడే ఫెజ్ టోపీతో. ఇంకోటి తిప్పారు. పొలంలో రైతు ముఖం. ఇంకోటి తిప్పారు. మూడు నల్ల గీతల కింద ఆయన అన్నేళ్ళు వెతికిన రాజు, అంచుల పళ్ళు ఒక్కటి కూడా రాలకుండా, రంగు చెదరకుండా ఉన్నాడు. అంత మంచి స్టాంపు ఆ ఇంట్లో నేను చూడలేదు. దాని వీపు మళ్ళీ చూశారు. భూతద్దం పెట్టి చూశారు. ఏమీ లేదు. వీపులకి ఆనిన పై మడత చూశారు, దాని మీద కూడా ఎక్కడా జిగురు మరక లేదు. ఎన్నిసార్లు కడిగిందో.

చిమటా కింద పెట్టేశారు. ఆ మొద్దు వేళ్ళతోనే, పళ్ళు రాలితే రాలనీ అన్నట్టు, ఒక్కొక్క ముఖాన్నీ పట్టి వెల్లకిలా తిప్పడం మొదలుపెట్టారు. నాకు ఆ పొద్దున్న వంటింటి నేల గుర్తొచ్చింది. మేమిద్దరం అక్క భుజాలు పట్టుకోవడం గుర్తొచ్చింది. ఆయనకీ గుర్తొచ్చి ఉంటుంది. చివరి ముఖం దగ్గరికి వచ్చేసరికి స్టాంపు వేళ్ళ సందులోంచి జారి కింద పడింది. నేను వంగి తీసిచ్చాను. అందుకోలేదు.

“నా మాట విన్నదమ్మా,” అన్నారు.

ఆయన ముఖం అంతా తడిసిపోయింది, తుడుచుకోవాలని కూడా తెలియడం లేదు. వంటింట్లో లీలాకుమారి రాతి మీద అల్లం నూరడం మొదలుపెట్టింది.

“ముప్పై ఏళ్ళు వినలేదు. ఎంత అరిచినా వినలేదు.” నా చేతిలోని స్టాంపు వైపు చూస్తూ, నన్నే అడుగుతున్నట్టు అడిగారు. “ఈ ఒక్కసారీ ఎందుకు వింది స్వర్ణా?”